పాత ల్యాప్‌టాప్‌కు ఇంటి వైఫై ఎందుకు అందదు?

ఇంటికి కొత్తగా ఫైబర్ కనెక్షన్ వచ్చింది. ఫోన్లు, టీవీ నిమిషాల్లో వైఫై అందుకున్నాయి. బీరువా మీద నుంచి పాత ల్యాప్‌టాప్ దించి ఆన్ చేస్తే మాత్రం, అది ఇరుగుపొరుగు వైఫై పేర్లన్నీ చూపిస్తుంది గానీ మన ఇంటిది చూపించదు. లేదంటే పేరు చూపిస్తుంది, పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా ఒప్పుకోదు. అదీ కాకపోతే కనెక్ట్ అయ్యానంటుంది, ఒక్క పేజీ కూడా తెరవదు. దాంతో ‘దీని పనైపోయింది’ అనుకుని మళ్లీ బీరువా ఎక్కించేస్తాం.

చాలాసార్లు అందులో చెడిపోయిన భాగమంటూ ఏమీ ఉండదు. ల్యాప్‌టాప్ తయారైన నాటి వైఫై పద్ధతులు వేరు, ఇప్పటి రూటర్ అలవాట్లు వేరు. ఆ రెండింటికీ పొత్తు ఎక్కడ కుదరలేదో కనిపెడితే సగం పని అయినట్టే.

ల్యాప్‌టాప్ వైఫైలో చేరాలంటే నాలుగు పనులు వరుసగా జరగాలి. మొదట రూటర్ పంపే సంకేతాన్ని అది పసిగట్టాలి. తర్వాత పాస్‌వర్డ్‌ను రెండూ ఒకే పద్ధతిలో సరిచూసుకోవాలి. ఆ తర్వాత రూటర్ దానికి ఒక ఐపీ అడ్రస్ కేటాయించాలి. చివరికి బ్రౌజర్ వెబ్‌సైట్‌తో సురక్షితంగా సంబంధం కలుపుకోవాలి. ఈ నాలుగింటిలో బండి ఎక్కడ ఆగిందో ముందు తేల్చుకోవాలి. అది తెలియకుండా సెట్టింగ్స్ కెలికితే ఉన్న సమస్యకు కొత్తది తోడవుతుంది.

ముందు స్విచ్ చూడండి

ఏ వైఫై పేరూ కనబడకపోతే తప్పు రూటర్‌ది కాదు, ల్యాప్‌టాప్‌ది. పాత మోడళ్లలో వైఫైకి విడిగా ఒక చిన్న స్విచ్ ఉండేది. ముందు అంచునో పక్కనో ఉండే ఈ జరిపే మీట బ్యాగులో పెట్టేటప్పుడు దానంతటదే జరిగిపోతుంది. కొన్నింటిలో యాంటెనా బొమ్మ ఉన్న ఫంక్షన్ మీటను ‘ఎఫ్‌ఎన్’తో కలిపి నొక్కాలి. దాని పక్కన చిన్న లైటు ఉంటుంది. చాలా మోడళ్లలో అది నీలంగా వెలిగితే వైఫై ఆన్‌లో ఉన్నట్టు, కాషాయంగా వెలిగితే ఆఫ్‌లో ఉన్నట్టు.

స్విచ్ సరిగ్గానే ఉంటే కంట్రోల్ ప్యానెల్‌లోంచి డివైజ్ మేనేజర్ తెరవండి. ‘నెట్‌వర్క్ అడాప్టర్స్’ కింద వైర్‌లెస్ కార్డు పేరు ఉండాలి. దాని పక్కన పసుపు గుర్తు ఉన్నా, ఎక్కడో ‘అన్‌నోన్ డివైజ్’ అని కనబడినా, ఆ కార్డును విండోస్‌తో నడిపించే ప్రోగ్రాం, అంటే డ్రైవర్, సాధారణంగా లేదని అర్థం. విండోస్ మళ్లీ ఎక్కించిన ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే.

డ్రైవర్ లేనిదే వైఫై రాదు, వైఫై లేనిదే డ్రైవర్ దిగదు. ఈ చిక్కుకు రెండు దారులున్నాయి. రూటర్ వెనక ఉన్న పోర్టుకూ ల్యాప్‌టాప్‌కూ ల్యాన్ కేబుల్ కలిపితే పాస్‌వర్డ్ అక్కర్లేకుండానే ఇంటర్నెట్ వస్తుంది. కేబుల్ లేకపోతే, ఇంటి వైఫైలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఛార్జింగ్ వైరుతో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేయండి. ఫోన్ అందుకుంటున్న వైఫైనే ల్యాప్‌టాప్‌కు అందిస్తుంది. మొబైల్ డేటా ఖర్చు కాదు. విండోస్ 7, ఆ తర్వాతి వాటిలో ఇది సాధారణంగా ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది. డ్రైవర్‌ను ల్యాప్‌టాప్ తయారీ సంస్థ సైటులో మీ మోడల్ నంబరు ఇచ్చి మాత్రమే దించుకోండి. ‘డ్రైవర్ అప్‌డేటర్’ పేరుతో ఊరూపేరూ లేని సైట్లు ఇచ్చే ప్రోగ్రాముల జోలికి పోవద్దు.

ఇరుగుపొరుగువి కనబడి, మనదే కనబడకపోతే

వైఫైకి తొలి ప్రమాణం 1997లో వచ్చింది. దాని వేగం సెకనుకు 2 మెగాబిట్లు. 1999లో వచ్చిన 802.11బీ 11 మెగాబిట్లకు, 2003 నాటి 802.11జీ 54 మెగాబిట్లకు పెంచాయి. 2009లో ‘ఎన్’ రకం, 2013లో ‘ఏసీ’ రకం వచ్చాయి. ఈ అక్షరాలతో జనం తికమకపడుతున్నారని 2018లో వైఫై అలయన్స్ అనే సంస్థ వాటికి అంకెల పేర్లు పెట్టింది. అలా ‘ఎన్’ వైఫై 4 అయింది, ‘ఏసీ’ వైఫై 5 అయింది, తర్వాత వచ్చిన ‘ఏఎక్స్’ వైఫై 6 అయింది. ల్యాప్‌టాప్ కొన్న సంవత్సరం గుర్తుంటే అందులో ఏ రకం కార్డు ఉందో దాదాపుగా ఊహించవచ్చు. డివైజ్ మేనేజర్‌లో కార్డు పేరు చివర ‘బీ/జీ’ అనో ‘బీ/జీ/ఎన్’ అనో తరచుగా రాసే ఉంటుంది.

ఇక్కడ గమనించాల్సింది వేగం కంటే బ్యాండ్. వైఫై ప్రధానంగా 2.4 గిగాహెర్ట్‌జ్, 5 గిగాహెర్ట్‌జ్ అనే రెండు బ్యాండ్లలో నడుస్తుంది. బీ, జీ కార్డులు 2.4ను మాత్రమే పట్టుకోగలవు. ‘ఎన్’ కార్డుల్లో రెండూ పట్టుకునేవి ఉన్నా, తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా 2.4 ఒక్కటే ఉండేది. మీ రూటర్‌లో 5 మాత్రమే ఆన్‌లో ఉంటే ఆ పేరు పాత ల్యాప్‌టాప్‌కు ఎప్పటికీ కనబడదు.

దీన్ని సరిచేయడానికి రూటర్ సెట్టింగ్స్ తెరవాలి. ఇంట్లో వైఫై ఉన్న ఏ ఫోన్‌లోనైనా బ్రౌజర్ తెరిచి, రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న అడ్రస్ కొట్టండి. సాధారణంగా అది 192.168.1.1 లేదా 192.168.0.1. జియో ఫైబర్‌లో 192.168.29.1. లోపలికి వెళ్లే పేరు, పాస్‌వర్డ్ కూడా స్టిక్కర్ మీదే ఉంటాయి, లేదంటే కనెక్షన్ ఇచ్చినవారిని అడగండి. పెట్టెను స్టిక్కర్ కోసం తిప్పేటప్పుడు సన్నటి ఫైబర్ వైరు మెలిక పడకుండా చూసుకోండి. అది తేలిగ్గా విరుగుతుంది.

అక్కడ వైర్‌లెస్ విభాగంలో చూడాల్సినవి నాలుగు. ఒకటి, 2.4 గిగాహెర్ట్‌జ్ ఆన్‌లో ఉందా? రెండు, రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఉంటే విడదీసి 2.4కు వేరే పేరు పెట్టండి. ఏది దేనికి తగులుకుందో తెలుస్తుంది. మూడు, ‘మోడ్’ అన్నచోట ‘బీ/జీ/ఎన్ మిక్స్‌డ్’ ఉండాలి. కొత్త రూటర్లు 2.4లో కూడా ‘ఏఎక్స్’ పద్ధతి వాడతాయి. పాత డ్రైవరున్న కొన్ని ఇంటెల్ కార్డులకు అలాంటి నెట్‌వర్క్ అసలు కనబడదు. డ్రైవర్‌ను అప్‌డేట్ చేయడం దీనికి సరైన మందు. కుదరకపోతే 2.4లో ‘ఏఎక్స్’ ఆపేయండి. నాలుగోది ఛానెల్.

ఛానెల్ సంగతి అమెరికా నుంచి పిల్లలు తెచ్చిచ్చిన ల్యాప్‌టాప్ వాడే ఇళ్లకు ముఖ్యంగా పనికొస్తుంది. మన దేశంలో 2.4 బ్యాండ్‌లో 1 నుంచి 13 దాకా ఛానెళ్లు వాడుకోవచ్చు. అమెరికా మార్కెట్ కోసం తయారైన పాత కార్డులు చాలావరకు 11 దగ్గరే ఆగిపోతాయి. రూటర్‌లో ఛానెల్ ‘ఆటో’లో ఉంటే అది ఒకరోజు 6 మీద, ఇంకోరోజు 13 మీద నడుస్తుంది. నిన్న వచ్చిన వైఫై ఇవాళ మాయమైందంటే ముందు దీన్ని అనుమానించండి. ఛానెల్‌ను 1, 6, 11లో ఏదో ఒకదాని మీద స్థిరంగా పెడితే సరిపోతుంది. ఈ మూడూ ఒకదానిమీద ఒకటి పడవు. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్‌జ్‌గా ఉంచండి.

వైఫైకి తెలుగులో పేరు పెట్టుకున్నవారికి ఒక మాట. వైఫై పేరుకు ఉన్న హద్దు 32 బైట్లు. తెలుగులో ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పోతాయి కాబట్టి పట్టేది పది గుర్తులే. పాత సిస్టంలో ఆ పేరు గజిబిజిగా కనబడవచ్చు కూడా. పాత ల్యాప్‌టాప్ వాడే 2.4 బ్యాండ్‌కు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంచడమే మేలు.

పాస్‌వర్డ్ సరైనదే, అయినా ఒప్పుకోదు

ఇక్కడ తగాదా పాస్‌వర్డ్‌తో కాదు, దాన్ని సరిచూసే పద్ధతితో. వైఫైకి మొదట ఇచ్చిన రక్షణ పద్ధతి డబ్ల్యూఈపీ. దాన్ని ఛేదించవచ్చని 2001లోనే పరిశోధకులు నిరూపించారు. ఆ లోటు పూడ్చడానికి 2003లో తాత్కాలికంగా డబ్ల్యూపీఏ వచ్చింది. 2004లో డబ్ల్యూపీఏ2, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చాయి. 2006 మార్చి నుంచి వైఫై ముద్ర కోరే ప్రతి కొత్త పరికరానికీ డబ్ల్యూపీఏ2 తప్పనిసరి చేశారు. అంటే ఆ తర్వాత తయారైన ల్యాప్‌టాప్‌లకు డబ్ల్యూపీఏ2తో సాధారణంగా పేచీ ఉండదు.

పేచీ డబ్ల్యూపీఏ3తోనే. విండోస్ 7, 8లకు అది తెలియదు. విండోస్ 10లో 2019 నాటి అప్‌డేట్ నుంచి ఉంది గానీ, కార్డు డ్రైవర్ కూడా ఒప్పుకోవాలి. కొత్త రూటర్‌లో ‘డబ్ల్యూపీఏ3 మాత్రమే’ అని ఉంటే ‘డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3’ అనే మిశ్రమ పద్ధతికి మార్చండి. కొత్త ఫోన్లు డబ్ల్యూపీఏ3తో, పాత ల్యాప్‌టాప్ డబ్ల్యూపీఏ2తో చేరతాయి. పక్కనే ‘ప్రొటెక్టెడ్ మేనేజ్‌మెంట్ ఫ్రేమ్స్’ అనే అంశం ఉంటే అది ‘రిక్వైర్డ్’ కాకుండా ‘ఆప్షనల్’గా ఉండాలి. మిశ్రమ పద్ధతికీ ల్యాప్‌టాప్ లొంగకపోతే, 2.4 బ్యాండ్‌కు మాత్రం ‘డబ్ల్యూపీఏ2, ఏఈఎస్’ అని పెట్టండి. పక్కనే కనబడే ‘టీకేఐపీ’ని ఎంచుకోవద్దు. అది భద్రతలో వెనకబడినది, దానితో ‘ఎన్’ వేగమూ రాదు, 54 దగ్గరే ఆగిపోతుంది.

విండోస్ ఎక్స్‌పీ ఉన్న ల్యాప్‌టాప్‌కు ఇంకో మెలిక ఉంది. సర్వీస్ ప్యాక్ 2 ఉన్నవాటికి డబ్ల్యూపీఏ2 కావాలంటే విడిగా ఒక అప్‌డేట్ వేయాలి. 2008లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 3లో అది కలిసే ఉంది. ‘మై కంప్యూటర్’ ప్రాపర్టీస్‌లో ఏ ప్యాక్ ఉందో కనబడుతుంది. ఆ రోజుల్లో వైఫైని విండోస్ ఒక పక్కా, కార్డు కంపెనీ ఇచ్చిన ప్రోగ్రాం ఇంకో పక్కా నడిపించబోయేవి. రెండూ పోట్లాడుకుంటే ఏదీ పనిచేయదు. ఒకదాన్ని ఆపాలి.

పాత రూటర్ తీసేసి, కొత్త రూటర్‌కు అదే పేరు, అదే పాస్‌వర్డ్ పెట్టినప్పుడు కూడా ల్యాప్‌టాప్ మొరాయిస్తుంది. పాత రక్షణ పద్ధతినే గుర్తుపెట్టుకుని కొత్తదాని మీద ప్రయోగించడమే కారణం. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఆ పేరును తొలగించి, మళ్లీ కొత్తగా కనెక్ట్ చేస్తే చాలు.

కొందరు ఇచ్చే సలహా ఒకటుంది: ‘ల్యాప్‌టాప్ కోసం రూటర్‌ను డబ్ల్యూఈపీకి మార్చెయ్, లేదా పాస్‌వర్డ్ తీసెయ్.’ ఇది మాత్రం వినవద్దు. ఆలస్యంగా వచ్చే ఒక్క మనిషి కోసం రాత్రంతా వీధి తలుపు బార్లా తీసిపెట్టడంతో సమానం ఇది. అదే వైఫైలో మీ బ్యాంకు యాప్ ఉన్న ఫోన్ ఉంది, సీసీ కెమెరా ఉంది.

కనెక్ట్ అయింది, అడ్రస్ రాలేదు

కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపీకాన్ఫిగ్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. ఐపీ అడ్రస్ 192.168తో మొదలైతే చాలా ఇళ్లలో అది సరైనదే. 169.254తో మొదలైతే రూటర్ నుంచి అడ్రస్ రాక ల్యాప్‌టాప్ తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. ముందు రూటర్‌ను ఓ నిమిషం ఆపి మళ్లీ ఆన్ చేసి చూడండి.

అప్పటికీ రాకపోతే పాత సెట్టింగ్స్ వెతకాలి. ఒకప్పుడు కేబుల్ ఇంటర్నెట్ ఇచ్చినవారు ఐపీ అడ్రస్, డీఎన్‌ఎస్ అంకెలు చేత్తో కొట్టి వెళ్లేవారు. ఆఫీసులో ఇచ్చిన ల్యాప్‌టాప్‌లలోనూ ఇలా ఉంటుంది. నెట్‌వర్క్ అడాప్టర్ ప్రాపర్టీస్‌లో ‘ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4’ తెరిచి, అడ్రస్‌కూ, డీఎన్‌ఎస్‌కూ ‘ఆటోమేటిక్’ అన్నదే ఎంచుకోండి. ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్ నుంచి వచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో ప్రాక్సీ కూడా చూడండి. కాలేజీ ప్రాక్సీ అలాగే ఉండిపోతే అడ్రస్ వస్తుంది గానీ పేజీలు రావు.

అన్నీ సరే, పేజీ తెరుచుకోదు

స్క్రీన్ కింద కుడి మూలన తేదీ చూడండి. ఏళ్ల తరబడి వాడని ల్యాప్‌టాప్‌లో, గడియారం నడిపే చిన్న బిళ్ల బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది. ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్తుంది. సురక్షితమైన వెబ్‌సైట్లు ఒక డిజిటల్ సర్టిఫికెట్ చూపిస్తాయి. దానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. ల్యాప్‌టాప్ లెక్కలో ఆ తేదీ ఇంకా రానే లేదు కాబట్టి బ్రౌజర్ ‘ఈ సైటు నమ్మదగినది కాదు’ అంటుంది. మనం వైఫై చెడిపోయిందనుకుంటాం. తేదీ సరిచేస్తే సైట్లు తెరుచుకుంటాయి. ఆ బ్యాటరీ మార్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

తేదీ సరిగ్గా ఉన్నా రాకపోతే బ్రౌజర్ పాతబడింది. ఎక్స్‌పీకి క్రోమ్ 2016లోనే సెలవిచ్చింది. విండోస్ 7కు చివరి క్రోమ్ 2023లో వచ్చిన 109వ వెర్షన్. ఫైర్‌ఫాక్స్‌లో విండోస్ 7కు పనికొచ్చే ఆఖరి వరుస 115 ఈఎస్‌ఆర్. 2020 నుంచి ప్రధాన బ్రౌజర్లన్నీ, సైట్లతో సురక్షితంగా సంబంధం కలుపుకోవడానికి వాడే పాత టీఎల్‌ఎస్ పద్ధతులను వదిలేశాయి. సైట్లూ వాటి వెంటే నడిచాయి. అందుకే ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌తో నేటి సైట్లలో చాలావరకు తెరుచుకోవు. అది వైఫై తప్పు కాదు.

కార్డే పాతదైతే డాంగిల్

పాత కార్డు ఎంతకీ లొంగకపోతే యూఎస్‌బీ వైఫై అడాప్టర్ కొనుక్కోవచ్చు. కంప్యూటర్ షాపుల్లో డాంగిల్ అని అడిగితే ఇస్తారు. 2.4కు మాత్రమే పనికొచ్చేవి వెయ్యి రూపాయలలోపే దొరుకుతాయి. కొనేముందు పెట్టె మీద మీ విండోస్ వెర్షన్ పేరు ఉందో లేదో చూసుకోండి. డ్రైవర్ సీడీలో ఇస్తే, సీడీ డ్రైవ్ లేనివారు కంపెనీ సైటు నుంచి దించుకోవాలి. ల్యాప్‌టాప్ విప్పి లోపలి కార్డు మార్చే ఆలోచన మాత్రం జాగ్రత్తగా చేయండి. కొన్ని కంపెనీల పాత మోడళ్లు తమ జాబితాలో లేని కార్డు పెడితే ఆన్ కావడానికే ఒప్పుకోవు.

వేగం గురించి దిగులు అక్కర్లేదు. ‘జీ’ కార్డు పైకి 54 అని రాసుకున్నా చేతికందేది 20 మెగాబిట్ల చుట్టుపక్కలే. అయినా ఈ-పేపర్ చదవడానికి, మామూలు హెచ్‌డీ వీడియో రావడానికి అది చాలు. వీడియో ఆగి ఆగి వస్తుంటే చాలావరకు కారణం వైఫై కాదు, ప్రాసెసర్ శక్తి చాలకపోవడం.

చేరాక ఏం చేయనివ్వాలి?

వైఫైలో చేరడం ఒక ఎత్తు, ఇంట్లోని మిగతా కంప్యూటర్లతో కలిసి ఉండటం ఇంకో ఎత్తు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో మద్దతు ఆపేసింది. విండోస్ 10కు ఆ గడువు 2025 అక్టోబర్ 14. గడువు ముగిసిన సిస్టంలో కొత్తగా బయటపడే లోపాలు అలాగే ఉండిపోతాయి.

ఫైళ్లు పంచుకోవడానికి ఎక్స్‌పీకి తెలిసింది ఎస్‌ఎంబీ1 అనే పాత పద్ధతి ఒక్కటే. కొత్త విండోస్‌లో దాన్ని మామూలుగా ఆపేసి ఉంచుతున్నారు. అందుకే కొత్త కంప్యూటర్‌కు పాత ల్యాప్‌టాప్‌లోని ఫోల్డర్లు కనబడవు. దాన్ని మళ్లీ ఆన్ చేసుకునే ఉపాయాలు దొరుకుతాయి, చేయకండి. 2017 మేలో ప్రపంచాన్ని వణికించిన వానాక్రై వైరస్ పాకింది ఆ పద్ధతిలోని లోపం గుండానే. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఫైళ్లు అటూ ఇటూ మార్చుకోవడానికి పెన్‌డ్రైవ్ చాలు.

రూటర్‌లో ‘గెస్ట్ నెట్‌వర్క్’ ఉంటే పాత ల్యాప్‌టాప్‌కు అదే సరైన చోటు. దానికి 2.4 బ్యాండ్, డబ్ల్యూపీఏ2, వేరే పాస్‌వర్డ్ పెట్టండి. ఇంటర్నెట్ అందుతుంది, ఇంట్లోని ఫోన్లను, కెమెరాను మాత్రం ఆ ల్యాప్‌టాప్ చూడలేదు. ఇంకో మెట్టు ఎక్కగలిగితే విండోస్ తీసేసి లినక్స్ మింట్ వంటిది వేసుకోవచ్చు. 64 బిట్ల ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది, భద్రతా అప్‌డేట్లూ వస్తాయి. పెన్‌డ్రైవ్‌లోంచే నడిపి చూసే వీలుంది కాబట్టి, వైఫై కార్డు పనిచేస్తుందో లేదో పాత సిస్టం చెరపకముందే తెలిసిపోతుంది.

చివరగా ఒక నియమం పెట్టుకోండి. ఇంకా విండోస్ ఎక్స్‌పీ, 7 మీదే నడిచే ల్యాప్‌టాప్‌లో టైపింగ్, పాటలు, ప్రింట్లు, వార్తలు, పిల్లల చదువుల వీడియోల వరకు కానివ్వండి. బ్యాంకు, ఆధార్, ఈమెయిల్ వంటి పాస్‌వర్డుతో కూడిన పనులు మాత్రం అందులో వద్దు. ల్యాన్ కేబుల్, డాంగిల్ వంటివాటితోనూ అది దారికి రాకపోతే, దాని కోసం ఇంటి వైఫై భద్రత తగ్గించకుండా దాన్నే పక్కన పెట్టేయండి. ఈ-వేస్ట్ తీసుకునేవారికి ఇచ్చే ముందు అందులోని హార్డ్ డిస్క్ తీసి మీ దగ్గరే ఉంచుకోండి.